అందరూ కళ్ళు మూసుకుంటే

నా కూతురు కళ్ళు మూసుకోదు. రాత్రి పడుకున్నప్పుడు మూసుకుంటుంది. తలకు పోస్తుంటే కుంకుడు రసం పడకుండా గట్టిగా మూసుకుంటుంది. నా మీద కోపం వస్తే కూడా మూసుకుని, "నువ్వు నాకు కనపడల్యా" అంటుంది. నేను నడిపే క్లాసులో మాత్రం మూసుకోదు. మిగతా పిల్లలందరూ మూసుకుంటారు. టీచరు కూతురు మూసుకోదు.

ఇది చిన్న విషయమో పెద్ద విషయమో నాకు ఇప్పటికీ తెలియదు. ఇల్లు సద్దుమణిగాక, అది పక్క గదిలో నిద్రపోతుంటే కూర్చుని రాస్తున్నాను. రాస్తే అయినా తెలుస్తుందేమోనని.

పెనుకొండలో మా వీధి చివర ఒక బట్టల కొట్టు ఉంది. దాని మేడ మీద పొడవాటి హాలు. ఒకప్పుడు సరుకు దించుకునేవారట, ఇప్పుడు ఖాళీ. కొట్టువాళ్ళ మనవడూ మా పాపా ఒకే బడిలో ఒకటో తరగతి. ఆ పరిచయంతో హాలు అడిగి తీసుకుని, శని, ఆదివారాల్లో సాయంత్రం పిల్లలకు యోగా, ధ్యాస, బొమ్మలు మూడూ కలిపి నేర్పుతున్నాను. ధ్యాస అనే మాట నేను పెట్టుకున్నదే. నాకు ఫోన్లో శిక్షణ ఇచ్చినవాళ్ళు దాన్ని మైండ్‌ఫుల్‌నెస్ అన్నారు. ఆ మాట చెప్తే మా వీధి తల్లులు, "అది చేస్తే మార్కులు వస్తాయా?" అని అడిగారు. ధ్యాస అంటే మాత్రం, "మావోనికి లేనిది అదే" అని వెంటనే పంపారు.

ముందు ఆసనాలు. చెట్టు, పిల్లి, పాము. పాము దగ్గర బుసలు కొట్టడం శిక్షణలో లేదు, పిల్లలే కలిపారు. తర్వాత చాపల మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, తమ ఊపిరి వినాలి, వీధిలోంచి వచ్చే చప్పుళ్ళు వినాలి. నేను గంట కొట్టగానే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా, లోపల ఏం కనిపించిందో కాగితం మీద వేయాలి. ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడిచే పనులు ఈ మూడూ. మధ్యది జారితే మూడోది దారి తప్పుతుంది. శిక్షణలో ఇంకొకటి కూడా గట్టిగా చెప్పారు. పిల్లలు కళ్ళు మూసుకున్నప్పుడు టీచరు కూడా మూసుకోవాలి, కాపలా కాస్తున్నట్టు చూస్తూ కూర్చుంటే వాళ్ళకు నమ్మకం కుదరదు అని. నేను అలాగే మూసుకునేదాన్ని.

మా అత్తకు ఈ క్లాసు మొదటి నుంచీ నవ్వులాటే.

"చదువు నేర్పిస్తారు, ఆట నేర్పిస్తారు. పండుకునేది గూడా నేర్పిస్తారామ్మా? మా పిల్లోళ్ళు చెప్పకనే పండుకుంటాండిరి. లేపేదే కష్టము."

మా ఆయన హైవే పక్క ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ఆయన మాట ఒక్కటే. "నన్నూ చేర్చుకో. ఆసనాలొద్దు, ఆ రెండోది చాలు."

నవ్వేవాళ్ళు నవ్వనీ అనుకున్నాను. కానీ మొదటి వారమే, గంట కొట్టడానికి కళ్ళు తెరిచేసరికి మా పాప చాప మీద లేచి కూర్చుని ఉంది. గోడకు ఆనుకుని, మోకాళ్ళు కావలించుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని. అల్లరి చేయలేదు. ఎవరినీ కదిలించలేదు. ఊరికే కూర్చుని ఉంది.

ఇంటికొచ్చాక అడిగాను. "చీమలు వస్తాయి" అంది. మరుసటి వారం ముందుగా వెళ్ళి హాలంతా ఊడ్చి, తడిబట్ట పెట్టి, మూలల్లో చీమల మందు చల్లాను. చీమ లేదు. అయినా లేచి కూర్చుంది. ఈసారి అడిగితే, "నాకు రాదు" అంది. కళ్ళు మూసుకోవడం రాకపోవడమేమిటి? ఇంకోసారి, "చాప గుచ్చుకుంటాది" అంది. చాప మీద దుప్పటి వేశాను. దుప్పటి మీద కూర్చుంది.

బొమ్మలు చూసి అసలు భయం పట్టుకుంది. మిగతా పిల్లలు కళ్ళు మూసుకుంటే కనిపించినవి వేసేవారు. ఒకరు బస్సు, ఒకరు మామిడిపండు, కొట్టువాళ్ళ మనవడు ప్రతిసారీ ఐస్‌క్రీమ్. మా పాప మాత్రం మమ్మల్నే వేసింది. వరసగా పడుకున్న పిల్లలు, ఒక్కొక్కరి ముఖంలో కళ్ళ చోట రెండు అడ్డగీతలు. మనవడికి మాత్రం ఒక గీత, ఒక చుక్క. వాడు దొంగచాటుగా చూస్తున్నాడన్నమాట. ముందు నేను, కాళ్ళు మడుచుకుని, నాకూ రెండు అడ్డగీతలే. అందరూ ఉన్నారు. తను లేదు.

ఆ రాత్రి ఫోన్లో వెతికాను. పిల్లలు తమ బొమ్మ తాము వేసుకోకపోతే ఏమిటి అని. వెతకకుండా ఉండాల్సింది. ఒకచోట అది భయం అన్నారు, ఒకచోట తనమీద తనకు ప్రేమ లేకపోవడం అన్నారు, ఇంకోచోట ఏమీ కాదన్నారు. ఆ మూడోది ఎవరో తొందరలో రాసి ఉంటారనిపించింది.

తర్వాతి శనివారం కొట్టువాళ్ళ పెద్దావిడ మేడెక్కి వచ్చింది. అంటే మనవడి అవ్వ. మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ ఎక్కి, గుమ్మంలో నిలబడి లోపలికి చూసి కేకేసింది.

"ఏమమ్మా టీచరమ్మా! పిల్లోళ్ళను ఉత్తరం దిక్కు తలకాయలు పెట్టి పండబెట్నావే! ఎవురైనా చూస్తే ఏమనుకుంటారు?"

నేను కళ్ళు తెరిచాను. పిల్లలు కూడా తెరిచారు. మెట్ల దగ్గర చెప్పుల దుమ్ము ఉంటుందని తలలు అవతలి గోడ వైపు పెట్టించాను కానీ, అది ఉత్తరమని చూసుకోలేదు. పుట్టినప్పటి నుంచీ విన్న మాటే. ఉత్తరం తల పెట్టి పడుకోకూడదు. మా ఇంట్లో మంచం అలా జరిపితే మా అమ్మ ఊరుకోదు. కానీ శిక్షణలో ఎవరూ దిక్కులు చెప్పలేదు, అందుకని నేనూ మర్చిపోయాను.

"తిప్పుదాం అవ్వా" అని, అందరినీ లేపి దక్షిణానికి తలలు పెట్టించాను.

"ఆ... ఇప్పుడు కాళ్ళు యాడికి వచ్చినాయి చూడు."

చూశాను. ఉత్తరం గోడకు ఆవిడ భర్త ఫోటో, గంధపు దండ వేసి ఉంది. పిల్లలందరి కాళ్ళూ ఆయన వైపే.

"బతికినన్నాళ్ళు మా ఆయనకు కాళ్ళు చూపించిండేది నేనొక్కదాన్నే" అంది పెద్దావిడ. పిల్లలకు అర్థం కాకపోయినా పడీపడీ నవ్వారు. మూడోసారి తూర్పుకు తిప్పాం. ఆ సాయంత్రం ధ్యాసంతా దిక్కులకే పోయింది. మా పాప గోడ దగ్గర కూర్చుని ఇదంతా సినిమా చూసినట్టు చూసింది.

మరుసటి రోజు పెద్దావిడ మళ్ళీ వచ్చింది, ఈసారి చేటలో అనపకాయలు, అంటే గింజ చిక్కుళ్ళు, పోసుకుని. దిక్కులు సరిగా ఉన్నాయో లేదో చూడటానికే అనుకుంటాను. గుమ్మంలో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కాయలు ఒలవడం మొదలుపెట్టింది. వద్దనలేకపోయాను, హాలు వాళ్ళది. టపటపమని గింజలు చేటలో పడుతుంటే పిల్లలు ఊపిరి ఏం వింటారని విసుక్కుంటూ కళ్ళు మూసుకున్నాను.

గంట కొట్టాక మా పాప బొమ్మ వేసింది. కాగితం నిండా ఆకుపచ్చ, వంకరటింకర గీతలు. మనుషులు లేరు. ఏమిటిదంటే, "తెల్దు" అంది. ఇదివరకు మనుషుల్నయినా వేసేది, ఇప్పుడు అదీ పోయింది అనుకున్నాను. క్లాసు అయ్యాక పెద్దావిడ చేట పట్టుకుని లేస్తూ, "నీ బిడ్డ బాగా పండుకున్న్యాదే ఈపొద్దు" అంది.

"లేదవ్వా, అది పడుకోదు. కళ్ళే మూసుకోదు."

"మూసుకోకపోయేదేమి? నేను చూస్తిని గదా. నువ్వు చూస్తివా?"

నేను చూడలేదు. నా కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఆవిడకు చూపు సరిగా ఆనదు, మనవణ్ణి చూసి మా పాప అనుకుని ఉంటుందని సర్దుకున్నాను.

ఆ రాత్రి అన్నం దగ్గర మా అత్త కదిపింది. "బిడ్డకు ఏదో బెదురుండాది. మాపటేళ మేడ మీదికి పిల్చుకోని పోతావు. నా మాటిని తాయెత్తు కట్టిద్దాం. లేదంటే బిడ్డను ఆ క్లాసు మానిపీ."

"దాన్ని మానిపించి ఇంకొకళ్ళ పిల్లలకు ఏ ముఖంతో చెప్పను అత్తా? ఈ నెలాఖరుదాకా చూస్తాను. అప్పటికీ మూసుకోకపోతే క్లాసే ఆపేస్తాను."

పెళ్ళయ్యాక నాదంటూ నేను మొదలుపెట్టిన పని ఇదొక్కటే. అది ఆరేళ్ళ పిల్ల రెప్పల మీద ఆగి ఉంది. పాపకు నిజంగా ఏదైనా ఉంటే క్లాసు ఉన్నా పోయినా ఒకటే. ఏమీ లేకపోతే క్లాసు ఎందుకు ఆపాలి? ఉందో లేదో తెలియడమే కదా కావలసింది.

తెలుసుకోవడానికి హిందూపురం తీసుకెళ్ళాను. అక్కడొక పిల్లల డాక్టరు ఉన్నాడు, ఓపికగా చూస్తాడని పేరు. బయట బెంచీ మీద మా పక్కన ఒకామె, కొడుకును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అటు మడకశిర వైపు మాట.

"ఏనమ్మా, పాపకు జ్వరమా?"

"జ్వరం కాదు. కళ్ళు మూసుకోదు."

"అయ్యో! నిద్ర పోదా?"

"పోతుంది."

"మళ్ళీ?"

క్లాసు గురించి చెప్పాను. యోగా, ధ్యాస, బొమ్మలు. ఆమె శ్రద్ధగా విని, కొడుకు తల నిమురుతూ, "మావోడు బడికి పోవల్లంటే కండ్లు తెరిచేదే ల్యా. బేజారైపోయింది. ఆ క్లాసు ఏమన్నా ఉంటే చెప్పమ్మా" అంది.

డాక్టరు టార్చి తీసి, "కళ్ళు మూసుకుని నోరు తెరువు పాపా" అన్నాడు. మా పాప కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది. ఆయన గొంతు చూశాడు, చెవులు చూశాడు, వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి పీల్చమన్నాడు. ఆయన చూసినంతసేపూ కళ్ళు మూసుకునే ఉంది, ఆయన తెరవమని చెప్పలేదు కాబట్టి.

"మూసుకుందే" అన్నాడు నా వైపు చూసి.

"ఇక్కడ మూసుకుంది సార్. క్లాసులో మూసుకోదు."

"ఎవరి క్లాసు?"

"నాదే."

ఆయన విటమిన్ సిరప్ రాసిచ్చాడు. ఉత్త చేతులతో పంపడం బాగుండదని రాసి ఉంటాడు. తిరుగు బస్సులో పాపను అడిగాను. "డాక్టరు దగ్గర ఎందుకు మూసుకున్నావు?"

"ఆయప్ప టార్చి పట్టుకోని ఉండాడు గదా" అంది.

టార్చి. అంటే వెలుతురు. అంటే చీకటి భయం. బస్సు పెనుకొండ చేరేలోపు నా లెక్క తేలిపోయింది. ఆ శనివారం పొద్దుండగానే హాల్లో ట్యూబులైట్లన్నీ వేశాను. కొట్టువాళ్ళ కరెంటు. పెద్దావిడ మోకాళ్ళు పట్టేశాయని ఆ వారం రాలేదు కాబట్టి సరిపోయింది. అంత వెలుతురులో మా పాప గోడకు ఆనుకుని, కళ్ళు విప్పుకుని, కూర్చుంది.

మర్నాడు ఆదివారం. క్లాసు లేదని చెప్పి, పొద్దున రైలుకు ధర్మవరం వెళ్ళిపోయాను. ధర్మవరం మా పుట్టిల్లు. నాయన పట్టుచీరలు నేస్తాడు. చుట్టుపక్కల ఇళ్ళలో మరమగ్గాలు వచ్చేశాయి కానీ, మా ఇంట్లో ఇంకా గుంట మగ్గమే. నేను బీఎడ్ చదువుతూ, తర్వాత ఒక బడిలో పనిచేస్తూ ఉన్నన్నాళ్ళూ పాప అక్కడే పెరిగింది. మూడేళ్ళు నిండాక పెనుకొండ వచ్చింది.

మధ్యాహ్నం నాయన మగ్గంలో ఉన్నాడు. అమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. పాప తనంతట తను పోయి, మగ్గం పక్కన నున్నటి గచ్చు మీద వెల్లకిలా పడుకుంది. దారం మోసే నాడె అటూ ఇటూ పోతోంది, దాని వెనకే పలక వచ్చి నేతకు కొట్టుకుంటోంది. ఆ చప్పుడు నేల గుండా ఒంట్లోకి ఎక్కుతుంది, ఆ ఇంట్లో పడుకున్నవాళ్ళకు తెలుసు. కాసేపటికి చూస్తే కళ్ళు మూసుకుని ఉంది. నిద్ర కాదు. వేళ్ళు కదులుతున్నాయి. కళ్ళు మూసుకుని వింటోంది. నేను నేర్పాలనుకున్నది సరిగ్గా అదే.

"ఏమ్మే, బిడ్డను అట్ల చూస్తాండావు, కొత్తగా చూసినట్ల?" అంది అమ్మ.

"మా, కళ్ళు మూసుకుంది."

"పండుకుంటే మూసుకోక ఏం జేస్తాది?"

చెప్పాను అంతా. అమ్మ నవ్వింది. "మగ్గమాగితే లేచే బిడ్డ గదమ్మా అది. మీ నాయన అన్నానికి లేస్తే ఉయ్యాల్లో కండ్లు తెరుస్తాండె. అందుకే ఆయప్ప లేసే ముందే నేను రాట్నం పట్టుకుంటాంటి. ఒగరు మాన్తే ఒగరు. నువ్వు గూడా అంతే ఉంటివి చిన్నప్పుడు."

ఆ మాట అయిందో లేదో నాయన మగ్గం లోంచి గొంతు సవరించుకున్నాడు. ఆకలైనట్టుంది. అమ్మ మాట ఆపి, రాట్నం ముందుకు జరుపుకుని తిప్పడం మొదలుపెట్టింది. రాట్నం కిర్రుమన్నాక మగ్గం ఆగింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పాప రెప్పలు కదిలాయి, తెరుచుకోలేదు. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళు పెరిగినదాన్ని, దీన్ని నేను ఎన్నిసార్లు చూసి ఉంటాను! చూడలేదు. విన్నానేమో.

దొరికింది అనుకున్నాను. నేను నిశ్శబ్దాన్ని ప్రశాంతత అనుకుంటున్నాను, నా కూతురికి నిశ్శబ్దమంటే మేలుకోవలసిన వేళ. అంతే కదా. ఎంత తేలిక! నాయన అన్నం తిని మళ్ళీ మగ్గంలో దిగాక ఫోను పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"ఫోటోనా?" అన్నాడు నాయన, కండువా సర్దుకుంటూ.

"కాదు నాయనా, చప్పుడు."

"నా మొగం తీయవా, చప్పుడే తీస్తావా? చెప్పింటే ఇంగా గట్టిగా కొడ్తాంటి గదా."

వారమంతా ఆ రికార్డును నేనే పదేపదే విన్నాను. శనివారం హాల్లో చిన్న స్పీకరు పెట్టాను. పిల్లలు పడుకున్నారు, తూర్పుకు తలలు పెట్టి. చప్పుడు మొదలవగానే కొట్టువాళ్ళ మనవడు, "టీచర్, మిల్లు ఆడతాండాది!" అన్నాడు. అందరూ కిలకిలా నవ్వారు. నెమ్మదిగా నవ్వులు ఆగాయి. నిజంగానే హాలంతా సర్దుకుంది. నేను కళ్ళు మూసుకుని, మా ఇంటి గచ్చు మీద ఉన్నట్టే ఊపిరి పీల్చుకున్నాను.

అడుగుల చప్పుడు వినిపించింది. తెరిచి చూస్తే మా పాప స్పీకరు దగ్గర నిలబడి ఉంది. వంగి దాని వెనక్కి చూసింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"తాత లేడు" అంది.

"ఇది తాత మగ్గమే పాపా. ఆరోజు మనం ఫోన్లో తీశాం కదా."

"చప్పుడుండాది. తాత లేడు. మరి ఎవురు నేస్తాండేది?"

"ఎవరూ నేయడం లేదు. ఉత్త చప్పుడే. నువ్వు కళ్ళు మూసుకుని విను."

నా వైపు చూసింది. దాని ముఖంలో నాకు భయం కనిపించలేదు, మొండితనం కనిపించలేదు. పెద్దవాళ్ళు ఏదో మర్చిపోతే గుర్తు చేసే ముఖం.

"నువ్వు గూడా మూసుకుంటాండావు గదమ్మా. ఈపొద్దు అవ్వ గూడా రాల్యా. అందురూ కండ్లు మూసుకుంటే ఎవురు చూస్తా ఉండేది?"

"ఏం చూడాలి?"

"ఏమీ ల్యా. ఊరికే చూడల్ల."

పక్క చాప మీది పిల్ల లేచి, "టీచర్, నేను చూస్తా" అంది. ఇంకొకడు నేనంటే నేనన్నాడు. అందరూ లేచి కూర్చున్నారు. స్పీకరులో నాయన ఒక్కడే నేస్తూ ఉన్నాడు. ఆపేశాను.

అప్పటి నుంచి నా బుర్రలో ఇదే. డాక్టరు టార్చి పట్టుకుని చూస్తున్నాడు, అందుకని మూసుకుంది. పెద్దావిడ అనపకాయలు ఒలుస్తూ గుమ్మంలో ఉంది, అందుకని మూసుకుంది, ఆవిడ చెప్పింది నిజమే. ఆ ఆకుపచ్చ గీతలు అనపకాయలే అయి ఉంటాయి. అన్నీ కలుస్తున్నాయి. అంత బాగా కలవడమే నాకు అనుమానం. చీమలన్నప్పుడు చీమలే నిజమనుకున్నాను, వెలుతురన్నప్పుడు వెలుతురే అనుకున్నాను, చప్పుడన్నప్పుడు స్పీకరు తెచ్చాను. ఇది అలాంటి నాలుగోది కాదని నమ్మకమేమిటి?

నిజమే అయినా, అది మంచిదా చెడ్డదా? ఆరేళ్ళ పిల్ల అందరికీ కాపలా కాయాలనుకోవడం బరువు కాదా? అమ్మకు ఫోన్ చేసి అడిగితే, "ఇంట్లో ఒగరు మేలుకోని ఉండల్ల గదా. దాంట్లో ఏముండాది?" అంది, ఉప్పు ఎంత వేయాలో చెప్పినట్టు. శిక్షణ వాళ్ళను అడిగితే, మీరు కళ్ళు మూసుకోవడం మాత్రం మానకండి, నమ్మకం నెమ్మదిగా వస్తుందన్నారు. ఇద్దరూ నా మేలు కోరేవాళ్ళే. ఇద్దరి మాటా ఒకేసారి ఎలా వినను?

నెలాఖరు ఆదివారం వచ్చింది, అంటే నిన్న. సాయంత్రం చెట్టు, పిల్లి, పాము అయ్యాయి. పిల్లలు పడుకున్నారు. నేను కళ్ళు మూసుకోలేదు. రంగు పెన్సిళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, షార్పనర్ తీసుకుని, మొద్దుబారినవి ఒక్కొక్కటే చెక్కుతూ కూర్చున్నాను.

మా పాప చాప మీద మోచేయి ఆనించి చూసింది.

"నువ్వు మూసుకోవా?"

"మూసుకోను."

"నిజంగానా, ఉత్తినేనా?"

"నిజంగా."

"గంట కొట్టేదాకా మూసుకోవాకు."

"సరే."

పడుకుంది. ఒక కన్ను మూసుకుంది. రెండోది నా మీదే ఉంది. నేను ఎర్రది చెక్కాను, నీలం తీసుకున్నాను. కాసేపటికి ఆ కన్ను మూసి, మూసినది తెరిచింది. వాళ్ళ నాయన షిఫ్టు మారినట్టు. నవ్వొచ్చింది కానీ నవ్వితే లేస్తుందేమోనని పెన్సిలు వైపు చూసుకున్నాను. అంతలో మెట్ల మీద తిట్లు వినిపించాయి. పెద్దావిడ.

"ఏమమ్మా టీచరమ్మా, అందురినీ పండబెట్టి నువ్వు పెన్సిళ్ళు చెక్కుతాండావా?"

ఉష్ అన్నాను, అటు తిరిగి. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో కూలబడింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి మా పాప రెండు కళ్ళూ మూసుకుని ఉంది. పొట్ట మెల్లగా లేచి దిగుతోంది.

నా వల్ల మూసుకుందా, అవ్వ వచ్చిందనా? అసలు నిద్రే పట్టిందా? మూసుకునే క్షణం మళ్ళీ నేను చూడలేదు. గంట కొట్టాల్సిన వేళ దాటిపోయినా కొట్టలేకపోయాను. డబ్బాలో పెన్సిళ్ళు అయిపోయాక, చెక్కినవే మళ్ళీ చెక్కాను.

చివరికి కొట్టాను. లేచి బొమ్మ వేసింది. కాగితానికి సరిపోనంత పెద్ద ముఖం, రెండు గుండ్రటి కళ్ళు, రెప్పలు లేవు. చేతిలో కర్రలాంటిది, అది పెన్సిలు. నేనే. ఈసారి వేరే పిల్లలు లేరు. తను కూడా లేదు. ఉండబట్టలేక అడిగేశాను.

"మరి నువ్వెక్కడ?"

"నేనా? నాకు నేను యాడ కనపడతానమ్మా?" అంది, ఇంత పెద్దదానివి ఇది తెలియదా అన్నట్టు. పోయి పెద్దావిడ ఒళ్ళో కూర్చుంది.

ఇంటికి రాగానే మా అత్త గుమ్మంలోనే అడిగింది. "మూసుకున్న్యాదా?"

"ముందు ఒకటి మూసుకుంది అత్తా. తర్వాత రెండూ."

"ఒకటా? మరి రెండోది ఏం జేస్తాండె?"

"నన్ను చూస్తూ ఉండింది."

మా అత్త నన్ను ఎగాదిగా చూసింది. తాయెత్తు నాకు కట్టించాలేమోనని ఆలోచిస్తున్నట్టు. "సరేలే, చేసుకో నీ క్లాసు" అని లోపలికి పోయింది.

క్లాసు ఆపడం లేదు. అంతవరకు తెలుసు. టీచరు కళ్ళు తెరుచుకుని కూర్చోవడం తప్పో కాదో తెలియదు. అలవాటు చేస్తున్నానేమో, పిల్ల ఎప్పటికీ ఎవరో ఒకరు మేలుకుని ఉంటేనే కళ్ళు మూసుకుంటుందేమో అనే భయం కూడా ఉంది. ఇంతసేపూ నేను ఇక్కడ మేలుకుని రాస్తుంటే అది పక్క గదిలో హాయిగా నిద్రపోతోంది. ఇది కొత్తగా పుట్టిన అలవాటేమీ కాదేమో మరి.

పెన్సిళ్ళన్నీ చెక్కేశాను. శనివారానికి చేతులకు ఇంకో పని కావాలి. పెద్దావిడను అడిగి రెండు దోసిళ్ళ అనపకాయలు తెచ్చుకోవాలి.